ఇంట్లో కత్తులు నూరుకోడానికి గైడెడ్ సెట్ ఏది తీసుకుంటే మేలు?

కర్నూలు_వన్‌టౌన్:

అన్నలకి అక్కలకి నమస్తే. మాది కర్నూలు. ఇంట్లో వంట ఎక్కువ అమ్మ, మా ఆవిడ చేస్తారు, ఆదివారం నాటుకోడి పని మాత్రం నాది. విషయం ఏందంటే మా ఇంట్లో ఉన్న కత్తుల్లో ఒక్కటి కూడా సక్కగా తెగడం లేదు. ఉల్లిగడ్డ మీద పెడితే పైపొర మీదనే జారిపోతాది, టమేటా అయితే తెగేదానికంటే నలిగేదే ఎక్కువ. మా దిక్కు ఉల్లిగడ్డ ఎంత ఘాటో మీకు తెలిసిందే, మొద్దు కత్తితో కోసి కోసి అమ్మకి కళ్ళల్లో నీళ్ళు ఆగడం లేదు, చూస్తా ఊరికే ఉండలేకపోతున్నా.

ముందు సైకిల్‌కి సాన చక్రం బిగించుకొని కత్తులకి సాన పడతాం అని కేకేసుకుంటా వీధిలోకి వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఎప్పుడొస్తారో తెలియదు, వచ్చినప్పుడు మనం ఇంట్లో ఉండం. అందుకే ఇంట్లోనే చేసుకుందామని చూస్తున్నా. రాయి మీద చేత్తో నూరేది నాకు రాదు, కోణం కుదరదు అంటారు కదా, అందుకే యాంగిల్ గైడ్ ఉండే సెట్ అయితే మేలని అనుకుంటున్నా. ఆన్‌లైన్లో చూస్తే కత్తిని బిగించి రాడ్‌తో రుద్దేవి ఉన్నాయి, చక్రం దొర్లించేవి ఉన్నాయి, గాడిలో పెట్టి లాగేవి ఉన్నాయి, రేట్లు చూస్తే వెయ్యి నుంచి మొదలుపెట్టి నా నెల జీతం దాకా పోతాండాయి. నా బడ్జెట్ ఐదారు వేలు, బాగుంటాదంటే ఇంకొంచెం పెట్టగలను.

నా దగ్గర ఉన్నవి: స్టీల్ సామాన్ల అంగట్లో కొన్న చిన్న చాకులు రెండు, మా బావ జపాన్ నుంచి తెచ్చిన 8 అంగుళాల షెఫ్ కత్తి (బ్లేడ్ మీద వీజీ-10 అని కొట్టి ఉంది, దాన్ని పాడు చేయకూడదని ముట్టుకోడానికే భయపడుతున్నా), కోడి కొట్టే మచ్చుకత్తి, అమ్మ కత్తిపీట. అన్నిటికీ ఒకటే సెట్ సరిపోతాదా? డైమండ్ మంచిదా మామూలు రాయి మంచిదా? వాడినోళ్ళు చెప్పండి, యూట్యూబ్ చూసి చెప్పేవాళ్ళు వద్దు దయచేసి.

అనంత_ఫిట్టర్:

తమ్ముడూ, నేను అనంతపురంలో వర్క్‌షాప్ లైన్లో ఉన్నా, టూల్స్ నూరేది నా రోజువారీ పని, ఇంట్లో కూడా బిగించే రకం సెట్ శానా కాలంగా వాడుతున్నా. కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదువు.

ఫస్ట్ ఆ గాడిలో పెట్టి లాగే డబ్బా ఆలోచన పూర్తిగా మానుకో. చాలావాటిలో రెండు కార్బైడ్ ముక్కలు వి ఆకారంలో పెట్టి ఉంటాయి, అవి అంచుని నూరవు, గీకి పారేస్తాయి. ఒక రోజు తెగినట్టు ఉంటాది, లోపల అంచు మొత్తం పళ్ళు పళ్ళుగా చీలిపోయి ఉంటాది. వీజీ-10 లాంటి గట్టి స్టీల్ అయితే పెచ్చులు లేచిపోతాది. మీ బావ తెచ్చిన కత్తిని అందులో ఒక్కసారి కూడా లాగొద్దు.

మిగిలిన సెట్లని రెండు రకాలుగా చూడు. కత్తి కదలకుండా రాయి కదిలేది ఒకటి, రాయి కదలకుండా కత్తి కదిలేది ఇంకొకటి. మొదటి దాంట్లో లాన్‌స్కీ పాతది, కత్తిని బిగించే క్లాంప్‌కి నాలుగు రంధ్రాలు ఉంటాయి, 17, 20, 25, 30 డిగ్రీలు, ఆ రంధ్రంలో రాడ్ దూర్చి రుద్దాలి. వర్క్ షార్ప్ ప్రెసిషన్ అడ్జస్ట్ దీనికంటే సులువు, 15 నుంచి 30 దాకా మధ్యలో ఏ కోణమైనా తిప్పి పెట్టుకోవచ్చు, రాయి మూడు మొహాల కడ్డీ మాదిరి ఉంటాది, 320 డైమండ్, 600 డైమండ్ (అంకె పెరిగేకొద్దీ రాయి నున్నన), సన్న సెరామిక్. కేఎంఈ, టీఎస్‌ప్రాఫ్, వికెడ్ ఎడ్జ్ ఇవన్నీ ఇదే జాతి, బిగింపు ఇంకా గట్టిగా ఉంటాది, రేటు కూడా అట్లే ఉంటాది, ఇంటికి అంత అవసరం లేదు. రెండో రకంలో స్పైడర్‌కో షార్ప్‌మేకర్, రెండు సెరామిక్ కడ్డీలు వాలుగా నిలబెట్టి ఉంటాయి, కత్తిని నిటారుగా పట్టుకొని కిందికి లాగడమే, పక్కకి 15 లేదా 20 డిగ్రీలు. అది ఇంకా పూర్తిగా మొద్దుబారని కత్తికి బ్రహ్మాండం, కానీ నువ్వు చెప్పిన స్థితికి వచ్చిన కత్తికి ఆ సెరామిక్‌తో పొద్దున్నుంచి సాయంత్రం దాకా రుద్దాలి.

ఇంక గైడ్ గురించి అసలు మాట. అది చేసేది ఒకటే పని, కోణం పట్టుకోవడం. మీటర్ మీద 20 అని ఉంటే 20 అని నమ్మేయొద్దు. లెక్క చూడు: రాడ్ తిరిగే ఇరుసు నుంచి కత్తి అంచు దాకా దూరం 20 సెం.మీ., ఎత్తు తేడా 6.8 సెం.మీ. ఉంటే కోణం 20 డిగ్రీలు. అదే ఎత్తులో ఉంచి వెడల్పు కత్తి బిగిస్తే అంచు ఇంకా దూరం జరుగుతాది, దూరం 25 అయ్యిందనుకో, కోణం 16కి దగ్గరకి పడిపోతాది. అంటే నీ చిన్న చాకుకి పెట్టిన సెట్టింగే షెఫ్ కత్తికి పెడితే రెండూ ఒకే కోణం రావు. అందుకే కొందరు అయస్కాంతంతో అతుక్కునే డిజిటల్ యాంగిల్ మీటర్ కొనుక్కుంటారు. అది కూడా లేకుండా పని జరిగే దారి ఉంది, పర్మనెంట్ మార్కర్. అంచు వాలు మీద నల్లగా పూసి, రాయితో ఒత్తకుండా రెండుసార్లు రుద్ది, ఆపి చూడు. రంగు వాలు పైన, వీపు వైపు మాత్రమే పోతే కోణం తక్కువైంది, అంచు కొసనే పోతే ఎక్కువైంది, వాలు మొత్తం సమానంగా పోతే సరిగ్గా కుదిరింది. ఏ సెట్ కొన్నా ఈ మార్కర్ పక్కనే ఉండాల.

8 అంగుళాల కత్తి బిగించేటప్పుడు మొన దగ్గర కోణం మారిపోతాదని అందరూ భయపెడతారు. నిజానికి అంచు నేరుగా ఉన్నంతసేపు పెద్దగా మారదు, వంపు తిరిగే కాడనే తేడా వస్తాది. క్లాంప్ మరీ పిడి వైపు పెడితే మొన దగ్గర కోణం తగ్గి వాలు వెడల్పుగా వస్తాది, మొన వైపు పెడితే నిటారుగా వస్తాది. మార్కర్ పూసుకొని క్లాంప్‌ని అటూ ఇటూ జరిపి, మొన దగ్గర కూడా రంగు సమానంగా పోయే చోటు పట్టుకో. ఆ చోట కత్తి వీపు మీద చిన్న టేప్ ముక్క అంటించి గీత గీసుకో, మళ్ళీసారి అక్కడే బిగించొచ్చు, పని సగానికి సగం తగ్గుతాది.

నీ బడ్జెట్‌కి వర్క్ షార్ప్ లాంటిది చాలు. చైనా రాడ్ సెట్లు కూడా చౌకగా వస్తాయి, తీసుకుంటే ముందు ఇరుసు దగ్గర రాడ్ గలగలలాడుతోందా చూడు, క్లాంప్ పళ్ళు రెండూ సమానంగా కలుస్తున్నాయా చూడు. ఒక షాపులో నాకు ఇచ్చిన దాంట్లో రాయి అల్యూమినియం పట్టీ మీద నుంచి ఊడి వచ్చింది, మార్చి ఇమ్మంటే ఇవ్వలేదు. రిటర్న్ ఉందో లేదో చూసుకొనే కొను.

కడప_బండరాయి:

అన్న చెప్పింది అంతా కరెక్టే కానీ ఇంత ఖర్చు నిజంగా అవసరమా అనేది నా ప్రశ్న. అంగడి చాకులు రెండింటికి హార్డ్‌వేర్ షాపులో దొరికే రెండు మొహాల కార్బొరండం రాయి చాలు, ఒక పక్క గరుకు, ఒక పక్క నున్న. రెండు మూడు వందల్లో వస్తాది. జీవితాంతం పనికొస్తాది.

మా కడపలో పెద్దోళ్ళు ఏం చేసేవాళ్ళో తెలుసా, గడప బండ అంచు మీద కత్తి రెండు తిప్పులు తిప్పి పనికి కూర్చునేవాళ్ళు. ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో అదే. అది కొంచెం తెగినట్టు అనిపించడానికి కారణం ఉంది, వంగిపోయిన అంచు తిరిగి నిలబడుతాది, అంతే. కడప బండ అనేది సున్నపురాయి, దాంట్లో ఎక్కువ ఉండే కాల్సైట్ గట్టిదనం మోస్ స్కేల్ మీద 3, గట్టిపరిచిన స్టీల్ అంతకంటే బాగా గట్టిది, కాబట్టి అది స్టీల్‌ని కోసి కొత్త అంచు తీయలేదు. అందుకే బండ మీద రుద్దిన పదును పూటలో పోతాది. ఏదీ దొరకనప్పుడు పింగాణీ కప్పు తిరగేసి అడుగున నున్నపూత లేని అంచు మీద రుద్దుకుంటే అదే మేలు, అది సెరామిక్ కాబట్టి నిజంగానే నూరుతాది.

చేత్తో కోణం రాదు అనే భయం కూడా ఎక్కువ చేసి చెప్తారు. బ్లేడ్ 4.5 సెం.మీ. వెడల్పు ఉంటే, రాయి మీద పెట్టి వీపు వైపు సుమారు 1.2 సెం.మీ. పైకి ఎత్తితే 15 డిగ్రీలు. మొదట్లో ఆ ఎత్తుకి చెక్కముక్క ఒకటి పెట్టి చూసుకుంటే చేతికి అలవాటైపోతాది. మీటర్ లేదు క్లాంప్ లేదు. మార్కర్ మాత్రం అన్న చెప్పినట్టు వాడు, అది చేత్తో నూరేవాళ్ళకి ఇంకా ఎక్కువ పనికొస్తాది.

అనంత_ఫిట్టర్:

కడప తమ్ముడు చెప్పింది నేను కాదనను, చేతికి వచ్చినోడికి రాయే రాజు. కానీ ఆయన రాదు అని స్పష్టంగా రాసినాడు, పైగా ఎదురుగా ఉన్నది వీజీ-10. ఆ స్టీల్ గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 60 దగ్గర ఉంటాది, మన అంగడి చాకులు చాలావరకు అంతకంటే బాగా మెత్తన. మెత్తటి చాకు మీద చెయ్యి అటూ ఇటూ అయినా మళ్ళీ సరిచేసుకోవచ్చు. గట్టి కత్తి మీద తప్పు కోణంలో గరుకు రాయి తిప్పితే దాన్ని తీయడానికి మళ్ళీ బోలెడు స్టీల్ పోగొట్టుకోవాల. నా మాట, చేతి పని చిన్న చాకుల మీద నేర్చుకో, షెఫ్ కత్తి మాత్రం గైడ్‌లోనే పెట్టు. ఇట్లయితే ఇద్దరి మాటా నిలబడుతాది.

ఇంకోటి మర్చిపోయినా. డైమండ్ తీసుకో, గట్టి స్టీల్‌ని తొందరగా కోస్తాది, నీళ్ళలో నానబెట్టే పని లేదు, గుంటలు పడవు. కానీ గట్టిగా ఒత్తితే డైమండ్ రేణువులు ఊడిపోతాయి, ప్లేట్ తొందరగా చచ్చిపోతాది. రాయి బరువుకి కొంచెం వేలి బరువు కలిపితే చాలు.

మెస్_అక్క:

తమ్ముడూ, నేను మెస్ నడుపుతా, రోజుకి ఎన్ని కిలోల ఉల్లిగడ్డ కోస్తామో లెక్క లేదు, కాబట్టి నా మాట కూడా విను. ఏ సెట్ కొన్నా కానీ ఇంట్లో కత్తి దేని మీద కోస్తున్నారో ముందు చూడు. శానా ఇళ్ళల్లో గ్రానైట్ గట్టు మీదనే పెట్టి కోసేస్తారు, లేదా స్టీల్ ప్లేట్‌లో పెట్టి కోస్తారు. గ్రానైట్‌లో స్టీల్ కంటే గట్టి పదార్థం ఉంటాది, మీరు గంటసేపు నూరింది ఒక్క వంకాయ కోసేసరికి పోతాది. చెక్క పలక ఒకటి కొనుక్కోండి, గాజు పలకలు వద్దు. మాంసం కొట్టేవాళ్ళు చింతమొద్దే ఎందుకు పెట్టుకుంటారో ఆలోచించు, అది దెబ్బకి చీలదు, కత్తి అంచుని కూడా తినదు.

ఆ జపాన్ కత్తితో బొమిక కొట్టొద్దు, ఫ్రిజ్‌లో గడ్డకట్టింది కోయొద్దు, పెచ్చులు లేస్తాయి. కోడికి నీ మచ్చుకత్తే. దానికి మరీ సన్న పదును పెట్టకు, 25 డిగ్రీల పైనే ఉంచు, లేకపోతే బొమిక తగిలిన కాడ అంచు మడత పడుతాది. కూరగాయల చాకులకి 20 దగ్గర, జపాన్ దానికి 15 దగ్గర, నేను అయితే అట్లే పెడతా. కోసినాక సింకులో మిగతా గిన్నెల్లో పడేయకుండా వెంటనే కడిగి తుడిచి పక్కన పెట్టుకోవాల, చిన్నపిల్లోళ్ళు ఉంటే ఇంక ఎంతైనా జాగ్రత్త.

సాన చక్రం వాళ్ళని మాత్రం తక్కువ చేసి మాట్లాడకండి. కొడవళ్ళకి, కత్తిపీటలకి వాళ్ళ చెయ్యే వేరు. పలచటి గట్టి కత్తి మాత్రం ఆరిన చక్రం మీద పెడితే వేడెక్కుతాది, అంచు నీలం తిరిగిందంటే అక్కడ స్టీల్ మెత్తబడిపోయినట్టే, అది మళ్ళీ రాదు.

కర్నూలు_వన్‌టౌన్:

అందరికీ శానా థ్యాంక్స్. అక్కా మీరు చెప్పింది నిజం, మా ఇంట్లో గ్రానైట్ మీదనే కోస్తారు, ఇయ్యాల్నే చెక్క పలక తెస్తా. ఫిట్టర్ అన్నా, రెండు డౌట్లు. ఒక పక్క ఎంతసేపు రుద్దాల, ఎప్పుడు ఆపి రెండో పక్కకి తిప్పాల అనేది ఎట్ల తెలుస్తాది? వీడియోల్లో ఒక్కొక్కడు ఒక్కో లెక్క చెప్తాడు. రెండోది, నూనె వేయాలా నీళ్ళా? ఇంట్లో వేరుశనగ నూనె అయితే క్యాన్ నిండా ఉంది.

అనంత_ఫిట్టర్:

వంటనూనె మాత్రం వద్దు తమ్ముడూ, కొన్నాళ్ళకి జిగురు కట్టి రాయి రంధ్రాలు మూసుకుపోతాయి. డైమండ్‌కి ఉత్తగా కూడా చేయొచ్చు, లేదా నీళ్ళల్లో ఒక చుక్క గిన్నెల సబ్బు. లాన్‌స్కీ రాళ్ళ మాదిరి వాటికి నూనె కావాలంటే కుట్టుమిషన్ నూనె వేసుకో.

లెక్క పెట్టుకొని రుద్దడం తప్పు. ఇరవై సార్లు, యాభై సార్లు అనేది ఆ కత్తి ఎంత మొద్దుగా ఉందో దాన్ని బట్టి మారిపోతాది. చూడాల్సింది బర్. ఒక పక్క రుద్దుతా ఉంటే అంచు పూర్తిగా పలచబడి అవతలి పక్కకి వెంట్రుకంత సన్న పొర తిరుగుతాది. బొటనవేలు మెత్తటి భాగం అవతలి పక్కన పెట్టి, వీపు వైపు నుంచి అంచు బయటికి జార్చు. అంచు వెంబడి మాత్రం ఎప్పుడూ జార్చొద్దు, తెగుతాది. వేలు అంచు దాటేటప్పుడు సన్నగా తట్టుకుంటే అదే బర్. పిడి కాడ ఉండి మొన కాడ లేకపోతే మొన దగ్గర ఇంకా పని ఉందని అర్థం, అక్కడే ఇంకొంచెం రుద్దు. పొడుగునా తగిలినాక మాత్రమే రెండో పక్కకి తిప్పాల. చాలామంది గైడ్ పెట్టుకొని కూడా పదును రాలేదు అంటారు చూడు, దాదాపు అందరిదీ ఇక్కడే ఆగిపోయింది, బర్ రాకముందే సన్న రాయికి పోయి మెరుపు తెప్పించి కూర్చుంటారు.

వేలితో భయం అనిపిస్తే ట్యూబ్‌లైట్ కింద కత్తిని అంచు పైకి పెట్టి నిలువుగా చూడు. మొద్దుగా ఉన్న చోట తెల్లటి గీత మెరుస్తాది, ఎందుకంటే అక్కడ వెడల్పు ఉంది కాబట్టి వెలుగు తిరిగి కంటికి వస్తాది. పదునైన చోట ఏమీ కనపడదు. లేదంటే దూదిని అంచు వెంట నడిపితే పొర ఉన్న చోట పట్టుకుంటాది.

రెండు పక్కలా బర్ వచ్చినాక 600కి పో, అక్కడ ఒక పక్క ఒకటి ఇంకో పక్క ఒకటి మార్చి మార్చి రుద్దు, ప్రతిసారీ చెయ్యి ఇంకొంచెం తేలిక చెయ్. చివర సెరామిక్ మీద దాదాపు బరువే వేయొద్దు. పాత తోలు బెల్టు ఉంటే చెక్కకి అంటించి, ఆకుపచ్చ పాలిష్ సబ్బు పూసి, కత్తిని వీపు వైపుకి వెనక్కి లాగితే మిగిలిన పొర పోతాది. తర్వాత పేపర్ అంచు మీద పెట్టి కోసి చూడు, ఎక్కడ తట్టుకుంటే అక్కడ బర్ మిగిలింది లేదా పని మిగిలింది. ఇంక టమేటా మీద పెడితే బరువు పెట్టకుండానే తోలు తెగాల.

పొద్దుటూరు_బాబు:

హార్ల్ కంపెనీ చేసే లాంటి దొర్లించే దాని గురించి ఎవరూ రాయలేదు కాబట్టి ఒక ముక్క. కత్తిని అయస్కాంతం దిమ్మెకి నిలబెట్టి, పక్కన డైమండ్ చక్రాన్ని దొర్లించడమే, నేను చూసినదాంట్లో 15, 20 రెండే కోణాలు. ఇంట్లో అమ్మ, పెద్దోళ్ళు వాడాలంటే దీనికంటే సులువైనది లేదు, బిగించే గొడవే లేదు. కాకపోతే దాంట్లో మచ్చుకత్తికి కావాల్సిన 25 రాదు, ఒరిజినల్ రేటు కూడా ఆయన బడ్జెట్ దాటిపోతాది. నా ఓటు కూడా ఆ అడ్జస్ట్ చేసే క్లాంప్ రకానికే. క్లాంప్‌లో బిగించేటప్పుడు వీపు మీద మాస్కింగ్ టేప్ అంటించుకుంటే గీతలు పడవు, జారదు కూడా.

కర్నూలు_వన్‌టౌన్:

సరే అన్నా, డిసైడ్ అయిపోయినా. 15 నుంచి 30 దాకా తిరిగే క్లాంప్ సెట్ ఒకటి షెఫ్ కత్తికి, చిన్న చాకులకి ఒక కార్బొరండం రాయి, కడప అన్న చెప్పినట్టు దాని మీద చెయ్యి అలవాటు చేసుకుంటా. మచ్చుకత్తి మందం క్లాంప్‌లో పడితే సరే, లేకుంటే అది కూడా రాయి మీదనే. ఇంక మిగిలింది అమ్మ కత్తిపీట ఒకటే. అక్కా, దాన్ని దేంట్లోనూ బిగించలేం కదా, వంపు తిరిగి ఉంటాది, పీటకి కొట్టేసి ఉంది. అమ్మ కూరగాయలన్నీ దాని మీదనే కోస్తాది, చాకు ఇస్తే ముట్టుకోదు.

మెస్_అక్క:

దానికి కత్తిని రాయి దగ్గరకి కాదు తమ్ముడూ, రాయినే కత్తి దగ్గరకి తీసుకుపోవాల. పీటని నేల మీద పెట్టి మామూలుగా కోసేటప్పటి మాదిరే కాలితో అదిమి పట్టుకో, కాకపోతే అంచు నీకు ఎదురుగా కాకుండా పక్కకి ఉండేటట్టు కూర్చో. ఎడమ చేతికి మందం గుడ్డ చుట్టుకొని బ్లేడ్ వీపు పట్టుకో. కుడిచేత్తో రాయి తడిపి, కింద నుంచి పైకి, అంచుకి ఎదురుగా కాకుండా వీపు నుంచి అంచు బయటికి పోయేటట్టు తిప్పు, అట్లయితే జారినా చెయ్యి తెగే భయం తక్కువ. వంపు లోపలికి ఉంటే వెడల్పు రాయి ఆనదు, రాయి సన్న అంచుతో గానీ, కొడవళ్ళకి వాడే గుండ్రటి పొడుగు రాయితో గానీ చెయ్. ముందు రెండు పక్కలా వాలు ఉందా ఒక పక్కనే ఉందా చూసుకో. ఒక పక్కనే ఉంటే పని అంతా ఆ పక్కనే, రెండో పక్క ఊరికే చదునుగా ఆనించి బర్ తీసేయడం అంతే.

అయినాక బాగా కడిగి ఆరబెట్టు, ఇనుప బ్లేడ్ అయితే తడి ఉంటే రాత్రికి రాత్రే తుప్పు పడుతాది, ఒక చుక్క నూనె పూసి పెట్టు. అమ్మకి మాత్రం ముందే చెప్పు, ఇన్నాళ్ళు మొద్దు కత్తికి అలవాటైన చెయ్యి గట్టిగా నొక్కుతాది, మొదటి రెండు రోజులు నిదానంగా కోయమను.